తాబేలవ్వ బయలుదేరింది

మన తాతల తాతలకంటే ముందు, పిల్లలూ, కంకణపురాన్ని ఒక రాజు ఏలేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఒకనాడు ధూమ్రకేశుడనే మాంత్రికుడు సభకొచ్చి, "నాకు ఊడిగం చెయ్యడానికి ఇంటికొక బిడ్డను పంపు" అన్నాడు.

"నా ప్రాణం పోయినా పంపను" అన్నాడు రాజు.

అంతే! నిండు సభలో రాజు రాయైపోయాడు.

మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాలకవతల ఒక చిలకలో ఉంది. దాన్ని పట్టుకురావడానికి పెద్ద కొడుకు గాలిలా పోయే ఓడెక్కాడు. ఓడతో సహా రాయైపోయాడు. నడిపివాడు గండభేరుండ పక్షినెక్కాడు. వాడూ రాయైపోయాడు.

చిన్నవాడు మణికేతుడు సముద్రపు ఒడ్డున కూర్చుని ఏడుస్తుంటే ఒక ముసలి తాబేలు వచ్చి, సంగతంతా విన్నది.

"నా గుడ్లను గులకరాళ్లు చేసిందీ వాడే నాయనా. రా, నా వీపెక్కు."

"నువ్వెప్పటికి చేరుస్తావవ్వా?"

"ఎప్పటికో తెలీదు. చేరుస్తానని మాత్రం తెలుసు."

బయలుదేరారు. ఈదింది, ఈదింది, ఈదుతూనే ఉంది తాబేలవ్వ. మణికేతుడు విసిగి, "ఇంకా ఎంత దూరం?" అంటే, "ముందుకే కదా పోతున్నాం!" అనేది. దారిలో దీవులు తగిలితే ఆగి అతనికి పళ్లు తినిపించేది.

అక్కడ ధూమ్రకేశుడు తన కాకిని అడిగాడు: "చిన్నవాడేడీ?"

"మొదటి సముద్రంలో, తాబేలు మీద స్వామీ!"

పగలబడి నవ్వాడు. ఏళ్లు గడిచాయి. "ఇప్పుడేడీ?"

"నాలుగో సముద్రంలో, తాబేలు మీద!"

"అది చేరేసరికి వాడి గడ్డం నెరుస్తుందిలే" అని ముసుగుతన్ని పడుకున్నాడు. మరికొన్నేళ్లు పోయాయి. "ఇప్పుడో?"

కాకి రెండడుగులు వెనక్కి గెంతింది. "చిలక దగ్గర, స్వామీ!"

మాంత్రికుడు ఎత్తుకొచ్చిన రాజకుమార్తె హేమలేఖ ఆ చిలకకు మేత వేసేది. మణికేతుణ్ణి చూడగానే పంజరం తెరిచి చిలకను చేతపట్టుకుంది. మాంత్రికుడు ఒక్క ఉరుకున వచ్చి కాళ్లమీద పడ్డాడు.

"రాళ్లన్నిటికీ ప్రాణం పోస్తాను, నా చిలకనిచ్చెయ్యండి!"

"ముందు ఆ పని చెయ్యి" అన్నాడు మణికేతుడు.

చేశాడు. చేసీ చెయ్యగానే మణికేతుడి మీదికి మంత్రదండం ఎత్తాడు. హేమలేఖ చటుక్కున చిలక మెడ విరిచింది. మాంత్రికుడు బూడిదకుప్పై కూలాడు.

అప్పట్నుంచి కంకణపురంలో ఎవరికి అన్యాయం జరిగినా పెద్దవాళ్లు, "దిగులుపడకు, తాబేలవ్వ బయలుదేరింది" అంటారు. ఆలస్యమైనా న్యాయం రాకమానదని దానర్థం.

మళ్లీ కదిలి వచ్చిన అన్నగారి ఓడలో అందరూ ఇల్లు చేరారు. గుడ్లు పిల్లలయ్యాక వాటితో మణికేతుడు, హేమలేఖల పెళ్లికి వస్తానని తాబేలవ్వ సముద్రపు ఒడ్డునే ఉండిపోయింది. ముహూర్తం రానే వచ్చింది. అవ్వ రాలేదు.

"అవ్వ రానిదే తాళి కట్టను" అన్నాడు మణికేతుడు.

"ముహూర్తం దాటిపోతోందిరా!" అన్నాడు రాజు.

"దాటనివ్వండి మామగారూ, మనకోసం ఆ అవ్వ ఎన్నేళ్లు ఈదిందో!" అంది హేమలేఖ.

ఒక ముహూర్తం దాటింది. రెండోదీ దాటింది. మూడోదానికి కోటవాకిట్లో తాబేలవ్వ కనిపించింది, వెనకాలే బుల్లి బుల్లి పిల్లల బారు. మణికేతుడు పెళ్లిబట్టలతోనే పరిగెత్తాడు.

"ఆలస్యమైంది నాయనా" అంది అవ్వ రొప్పుతూ.

"వచ్చావు కదవ్వా" అంటూ బంగారు చెంబుతో ఆమె కాళ్లు కడిగాడు. ఆ నీళ్లలో అతని కన్నీళ్లూ కలిశాయి.

అప్పుడు తాళి కట్టాడు. ఆ దంపతులు నూరేళ్లు రాజ్యాన్ని చల్లగా ఏలారు. ఆ ఇంట్లో ఏ శుభకార్యమైనా మొదటి విస్తరి తాబేలవ్వకే వేసేవారు.