కప్పిన శాలువ

ధర్మాధికారి శ్రీధరావధానుల సన్నిధిలో విరూపాక్షుడు పన్నెండేళ్లు వ్యవహారశాస్త్రం అభ్యసించాడు. సోమనాథుడు వచ్చి మూడేళ్లే. అయినా సభలో తీర్పు చదివే పని గురువు సోమనాథుడికే అప్పగిస్తున్నారు. ఆ కంఠం వినబడినప్పుడల్లా విరూపాక్షుడు ముఖం పక్కకు తిప్పుకొనేవాడు.

ఒకనాడు ఒక అభియోగం వచ్చింది. గానుగ నడుపుకొనే తిప్పయ్య కూతురు అక్కమను పెద్దిరాజు అనే భూస్వామి ఏటి రేవులో పట్టి ఎత్తుకుపోయి పెళ్లాడాడు. "నా బిడ్డను నాకిప్పించండి" అని తండ్రి ఏడ్చాడు. "ఇష్టపడే వచ్చింది" అన్నాడు పెద్దిరాజు.

విచారించి తీర్పు రాయమని గురువు ఇద్దరినీ ఆదేశించారు. సభ ఏది అంగీకరిస్తే దానిని బట్టి అక్కమ పుట్టింటికో, పెద్దిరాజు ఇంటికో పోవాలి.

విరూపాక్షుడు పన్నెండు తాటాకులు నింపాడు. తలంబ్రాలు ఆమె తన చేతులతోనే పోసింది. ఏడడుగులూ తన కాళ్లతోనే నడిచింది. కేక వేసినట్లు ఒక్క సాక్షీ చెప్పలేదు. తాను స్వయంగా వెళ్లి అడిగితే "ఇష్టమే" అన్నది. కనుక సమ్మతి రుజువైంది.

సోమనాథుడి ఆకులో ఒకటే వాక్యం: "ఆమెను ఇంకా ఎవరూ అడగలేదు."

"మూడేళ్ల చదువుకు ఒక్క వాక్యమా, సోమనాథా? తాటాకులు కరువయ్యాయా?" అన్నాడు విరూపాక్షుడు సభలో అందరికీ వినబడేలా.

"ఆకులు మిగిల్చాను, అన్నా. ఆమె చెప్పాక రాద్దామని."

పెద్దలు నవ్వారు. విరూపాక్షుడి చెవులు వేడెక్కాయి.

గురువు తమ భుజం మీది పట్టుశాలువ తీసి విరూపాక్షుడి చేతిలో పెట్టారు.

"సోమనాథుడికి కప్పు, నాయనా."

ఆ శాలువ ఏనాటికైనా తన భుజం మీదికి వస్తుందని పన్నెండేళ్లుగా ఎదురుచూసినవాడు విరూపాక్షుడు. అతని కాళ్లు కదిలాయి. చేతులు లేచాయి. పెదవులు చిరునవ్వు కూడా నవ్వాయి. శాలువ కప్పాడు. పదకొండుగురు పెద్దలూ "సాధు, సాధు" అన్నారు.

గురువు లేఖకుడి వైపు తిరిగారు. "రాసుకో. విరూపాక్షుడు సంతోషంతో, తన ఇష్టంతో సోమనాథుణ్ణి సత్కరించాడు. సాక్షులు పదకొండుగురు."

గంటం ఆకు మీద గీరుకుంటున్న చప్పుడు వినబడుతోంది.

"గురువర్యా... ఇష్టంతో అని రాయించకండి."

"ఎందుకు? నీ చేతులతోనే కప్పావు. నీ కాళ్లతోనే నడిచావు. నవ్వావు కూడా. కాదని ఒక్క మాట అన్నావా?"

"మీ ఎదుట కాదని ఎలా అనగలను?"

లేఖకుడు గంటం ఎత్తి పట్టుకున్నాడు.

"ఆ పిల్లను నీవు అడిగినప్పుడు" అన్నారు గురువు మెల్లగా, "ఎదుట ఎవరున్నారు?"

విరూపాక్షుడు తల వంచాడు. "అత్తగారు పక్కన కూర్చున్నారు. పెద్దిరాజు... గడపలో నిలబడి ఉన్నాడు."

అతడు తన పన్నెండు ఆకులనూ తీసుకొని, కట్టిన తాడు విప్పాడు. సోమనాథుడి ముఖం వైపు చూడటం అప్పటికీ కష్టంగానే ఉంది. అయినా అడిగాడు.

"మిగిలిన ఆకులు ఇస్తావా, తమ్ముడూ?"

ఆ మధ్యాహ్నమే రాజభటులు అక్కమను గురువుగారి ఇంటికి తీసుకువచ్చారు. పెద్దిరాజునూ అతని వారినీ వీధి చివరనే ఆపారు. గురుపత్ని సోమిదేవమ్మ ఆమెకు మజ్జిగ ఇచ్చి, లోపలి గదిలో పక్కన కూర్చోబెట్టుకొన్నది. విరూపాక్షుడు తెర ఇవతల కూర్చున్నాడు. ఏమీ అడగలేదు.

చాలాసేపటికి అక్కమ నోరు విప్పింది.

"తలుపు వేశారా, అమ్మా?"

విరూపాక్షుడు గంటం తీసి, ముందుగా ఆ మాటే రాశాడు.