మాట లేని దండోరా

"ఏమే నూకాలూ! నాలుక కోయించుకోవాలని ఉందా?" నిండు సభలో గుత్తేదారు నాగప్ప గర్జించాడు.

దీపాల నూనె అమ్మకం, దండోరా వేయించే హక్కు, రెండూ రాజుగారు అతనికే గుత్తకిచ్చారు. అతను ఒప్పుకోని వార్త చాటితే నాలుక కోస్తారు. నాగప్ప నూనె పొగకి పేటలో మనుషులు నిద్రలోనే పోతుంటే, దండోరా మాత్రం అది గాలిజబ్బని చాటింది. డప్పు కొట్టి బతికే నూకాలు మొగుడు కూడా అలాగే పోయాడు. అతని చెమట వాసన ఇంకా వదలని ఆ డప్పుని గుండెకి హత్తుకుని, ఆమె నూనె కొట్టు ముందు చావు డప్పు కొట్టింది.

"ఇంతకీ ఏం చాటిందయ్యా?" అన్నాడు రాజు.

"నా నూనెలో ఉమ్మెత్త కలిసిందని, ప్రభూ!"

"నేను నోరే విప్పలేదు దొరా," అంది నూకాలు. "వీధిలో వాళ్లంతా ఎవరు పోయారనే అడిగారు. ఉమ్మెత్త సంగతి నాకూ ఇప్పుడే తెలిసింది. అయ్యగారొక్కరికే నా డప్పులో అది ఎలా వినిపించిందో అడగండి."

రాజు నాగప్ప వైపు తిరిగాడు. సభ దీపాలు చిటపటలాడుతున్నాయి. ఆ మంటల్లో మొగుడి కళ్లు వెతుక్కుంటూ నూకాలు అలాగే నిలబడింది.

"లాభం చాలక..." నాగప్ప రాజు కాళ్ల మీద పడ్డాడు. "చవకగా దొరికే ఉమ్మెత్త గింజల నూనె కలిపింది నేనే, ప్రభూ."