రెండు ముఖాల వేగులమ్మ

జీడిదిబ్బ మీద వెలసిన వేగులమ్మ తల్లికి రెండు ముఖాలు. ఒకటి పడమటి తాటితోపును, ఒకటి తూర్పు సముద్రాన్ని చూస్తుంటుంది. కొత్తగా వచ్చిన భక్తులు ముందు ఏ ముఖానికి మొక్కాలో తెలియక గుమ్మంలో తికమకపడటం, పూజారమ్మ "ఎటు మొక్కినా ఒక్కమ్మకేనండి" అని నవ్వడం ఇక్కడ రోజూ జరిగేదే. గర్భగుడికి పైకప్పు లేదు. అమ్మకు ఆకాశం కనబడాలని పెద్దలు కప్పు వేయనివ్వలేదు. దగ్గరగా చూస్తే ఆ విగ్రహం ఒక రాయి కాదని, వీపులు కలిపి నిలిపిన రెండు రాళ్ళని తెలుస్తుంది. ఆ రెండూ ఒకటైన వైనం ఇది.

పూర్వం ఇక్కడ చేపల వేటతో బతికే చిన్న పల్లె ఉండేది. ఆ పల్లెకు ఇద్దరు అమ్మలు. పొద్దు గుంకాక పడమట వెలిగే చుక్క సందమ్మ. పురుళ్ళను, పసిపిల్లలను కాచే తల్లి. తెల్లవారుజామున సముద్రంలోంచి లేచే చుక్క వేగులమ్మ. తెప్పలను, వలలను కాచే తల్లి. ఒకరికి తోపులో, ఒకరికి ఒడ్డున రాళ్ళు నిలిపి కొలిచేవారు. ఇద్దరూ అక్కచెల్లెళ్ళేగాని ఒకరంటే ఒకరికి పడదని చెప్పుకునేవారు. ఆకాశంలో వాళ్ళకేం తగవో గాని, దాని ఫలితం మాత్రం నేల మీది మనుషులు అనుభవించేవారు. సందమ్మ కనబడకుండా పోయిన ప్రతిసారీ పల్లెలో ఎవరిదో ఒక తప్పు బయటపడేది. బయటపడేదాకా వెతికేవారు మరి! ఒకసారి అమావాస్యనాడు వల కుట్టిన ముసలాయన దొరికాడు. ఇంకోసారి తోపులో గట్టిగా నవ్విన కొత్తకోడలు దొరికింది.

ఆ ఏడు సందమ్మ ఎన్నడూ లేనంతగా వెలిగింది. తాటితలల మీద ఆ వెలుగు చూసి పిల్లలు సైతం చప్పట్లు కొట్టారు. అంతలోనే ఏ పూటకాపూట కిందికి జారుతూ, ఒక సాయంత్రం పొద్దువెలుగులో కలిసిపోయింది. ఆ సాయంత్రమే ముత్యాలు భార్య దాలమ్మకు ఆడపిల్ల పుట్టింది. ఇక వెతకవలసిన పని లేకపోయింది. పిల్ల చుక్కను మింగేసిందన్నారు. ఊరిపెద్ద ఎల్లాజీ పురిటిపాక బయట నిలబడి, పురుడు వెళ్ళిన మర్నాడు పసిదాన్ని ఉప్పుబండ్లవాళ్ళతో పైఊళ్ళకు పంపేయాలని తీర్పు చెప్పాడు. ముత్యాలు కాళ్ళావేళ్ళా పడ్డా లాభం లేకపోయింది.

దాలమ్మ బిడ్డను పొట్టకు కరుచుకుని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి కునుకు తీసిన వేళ ఒక ముసలమ్మ కలలోకి వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది.

"నానెక్కడికీ ఎల్లిపోనేదే పిచ్చిదానా! మంట పక్కన నిలబడ్డాను. అగుపడ్డం నేదంతే" అని చెప్పి మాయమైంది.

వచ్చినది సందమ్మేనని దాలమ్మకు తెలిసింది. చెప్పిన మాటే బోధపడలేదు. ఏ మంట? ఎక్కడి మంట? దేవతలు కలలోకి వచ్చినప్పుడు అదేదో వివరంగా చెప్పి పోవచ్చు గదా అని ఆమెకు కోపం కూడా వచ్చింది.

ఆ పల్లెలో సందె దాటి వచ్చే తెప్పలకు గుర్తుగా ఒడ్డున తాటాకు మంట వేసేవారు. దాన్ని కాచే వంతు ఆ వారం దాలమ్మ అత్త కాశమ్మది. ఆమె ఆముదపు దీపం పట్టుకుని, మంట చుట్టూ తిరుగుతూ ఆకులు ఎగదోస్తోంది. పాక గుమ్మంలో కూర్చున్న దాలమ్మ ఆ దీపాన్నే చూస్తోంది. అత్త మంటకు అవతల ఉంటే దీపం మిణుగురంత. ఇవతలికి వస్తే గుమ్మడిపువ్వంత. సరిగ్గా మంటకు ఎదురుగా వచ్చినప్పుడు మాత్రం, అంత దగ్గరున్న దీపం కూడా ఆ వెలుగులో కలిసి కనబడలేదు. నాలుగడుగులు వేశాక మంటకు రెండోపక్కన మళ్ళీ నిండుగా తేలింది. అత్త చేతిలో దీపం పెరగలేదు, తరగలేదు, ఆరనూ లేదు.

దాలమ్మ గుమ్మంలోంచి లేచింది. "అత్తా! ఆ మంట పొద్దే! అమ్మ పొద్దుకు ఎదర నిలబడింది. ఇటేపు మునిగింది అటేపు తేల్తాది. తూరుపున సూడండి!" అని కేకేసింది.

కాశమ్మకు సగమే అర్థమైంది. మనవరాలి కోసం ఆ సగమే చాలనుకుని, వెళ్ళి ఎల్లాజీకి చెప్పింది. ఆయన తీర్పు మార్చలేదు.

పురుడు వెళ్ళిన మర్నాడు ఇంకా తెల్లవారకముందే బండి వచ్చి నిలిచింది. పల్లె అంతా ఒడ్డున చేరింది. ఎల్లాజీ చేతులు చాపాడు. దాలమ్మ బిడ్డను ఇవ్వలేదు; తూర్పుకు తిరిగి నిలబడింది. అప్పుడే నీళ్ళ అంచున ఒక చుక్క తళుక్కున లేచింది.

"అది ఏగులమ్మే. సందమ్మ ఏదీ?" అన్నాడు ఎల్లాజీ. బండివాడు ఎద్దులను కాడికి కట్టాడు.

దాలమ్మ బిడ్డను గుండెకు అదుముకుంది. "పెద్దయ్యా, తూరుపున తేల్తాదని నాను ముందే సెప్పి పంపినాను గదా. ఇద్దరినీ ఒక్కరోజు ఆకాసంలో కలిపి సూసినోరు మీలో ఎవులైనా ఉన్నారేటి?"

ఎల్లాజీ తన వయసంతా తలచుకున్నాడు. తండ్రి చెప్పినవీ తలచుకున్నాడు. ఇద్దరమ్మలూ కలిసి కనబడిన రోజు ఒక్కటీ లేదు. అమావాస్యనాడు వల కుట్టిన ముసలాయన ముఖం, తోపులో నవ్విన పిల్ల ముఖం ఆయనకు గుర్తొచ్చాయి. కన్నీళ్ళు ఆగలేదు. బిడ్డను తీసుకుని, బండివైపు కాక సముద్రంవైపు నడిచి, చుక్కకు చూపించాడు.

"నీ వల్ల ఏటీ అవనేదు తల్లీ" అన్నాడు బిడ్డతో, అందరూ వినేలా.

ఆ పగలే రెండు రాళ్ళనూ దిబ్బ మీదికి మోసుకొచ్చి, వీపులు కలిపి ప్రతిష్ఠించారు.

నేటికీ వైశాఖంలో జరిగే అమ్మవారి పండుగనాడు ఒడ్డున పెద్ద మంట వేసి, ఐదుగురు ఆడవాళ్ళు ఐదు గ్రహాల పేర ఐదు దీపాలతో దాని చుట్టూ తిరుగుతారు. భక్తులు కదలకుండా ఒకచోట నిలబడి చూడాలి. బుధుడి దీపం మంటను అంటిపెట్టుకుని తిరుగుతుంది గనుక కనబడేదే అరుదు. పంచాంగం శుక్రుడనీ, ఈ ఊరు వేగులమ్మ అనీ పిలిచే దీపం దాని తరువాతది. మిగిలిన మూడూ భక్తుల వెనకనుంచి కూడా చుట్టి వస్తాయి. కుజుడి ఎర్రదీపం వెనక దగ్గరగా వచ్చినప్పుడు పెద్దదై, మంటకు అవతలికి పోయినప్పుడు చిన్నదవుతుంది. గురు, శనులు దూరాన నింపాదిగా నడుస్తారు. పిల్లలకు గ్రహాల సంగతి ఇక్కడ ఇలాగే తెలుస్తుంది. చూసినవారికి దిగులు తగ్గి ధైర్యం కలుగుతుందని నమ్మకం.

శుక్రుడు పొద్దువెలుగులో కనబడకుండా పోయే శుక్రమూఢం వచ్చిన తొలి సాయంత్రం మాత్రం దీపాలు, మేళాలు ఉండవు. ఆ ఊళ్ళో అందరికంటే చిన్న బిడ్డను గుడికి తెస్తారు. ఏ కులం బిడ్డయినా, ఏ ఇంటి బిడ్డయినా సరే, ఊరిపెద్ద స్వయంగా ఎత్తుకుని, చుక్కలేని పడమటికి తిరిగి, అందరూ వినేలా ఆ ఒక్క మాటా చెప్పాలి: "నీ వల్ల ఏటీ అవనేదు తల్లీ."