తోలు మంట మీద ఉన్నప్పుడు

ఈ సంగతి హైమ నాకు రెండు మూడు దఫాలుగా చెప్పింది. ఏది ముందు జరిగిందో, ఏది వెనక జరిగిందో నా రాతలో అటూ ఇటూ అయి ఉండొచ్చు. చదివేవారు సర్దుకోవాలి. ఈమధ్య పొద్దున ఏం కూర వండానో సాయంత్రానికి గుర్తుండటం లేదు. ఇది కూడా జారిపోకముందే కాగితం మీద పెట్టాలని కూర్చున్నాను. హైమ మా తోడికోడలి కూతురు. హైదరాబాదులో ఒక ప్రాథమిక పాఠశాలలో నాలుగో తరగతికి చెబుతుంది.

ఆ బడిలోనే ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరైన సక్కుబాయి టీచరుకు ఒక అలవాటు ఉండేది. పిల్లలు పారేసిన పెన్సిలు ముక్కలు ఏరి ఒక రేకు డబ్బాలో పోసుకునేది. ఎవరైనా సందేహంతో ఇంటికి వస్తే బ్లేడు తీసుకుని ఒక్కో ముక్కా చెక్కుతూ వినేది. చెక్కడం పూర్తయ్యేసరికి జవాబు వస్తుందని ఎదుటివాళ్ళు కాచుకుని ఉండేవారు. జవాబు వచ్చేది కాదు. "పా, అట్ల పోయొద్దాం" అని చెప్పులు వేసుకునేది. కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు ఆమెను గురువుగా చూసుకునేవారు. వాళ్ళలో హైమకు ఆమె దగ్గర చనువూ ఎక్కువే, భయమూ ఎక్కువే.

ఒక ఆదివారం మధ్యాహ్నం హైమ వచ్చి, కూర్చోకుండానే అడిగింది.

"టీచర్, తొమ్మిదేళ్ళ పిల్లలకు అంత దుఃఖం చెప్పొచ్చా, చెప్పకూడదా?"

సక్కుబాయి డబ్బా మూత తీసింది.

"ఎంత దుఃఖం?" అంది.

హైమ మొత్తం చెప్పింది. రెండు వారాల కిందట పిల్లలకు నల్లజాతివారి చరిత్ర చెప్పింది. ఆఫ్రికా నుంచి మనుషుల్ని ఓడల్లో కుక్కి, కాళ్ళకూ చేతులకూ సంకెళ్ళు వేసి, పశువుల్లా అమ్మిన కథ. రెండు రాత్రులు కూర్చుని చార్టు గీసింది. ఓడ అడుగున వరసలు వరసలుగా పడుకోబెట్టిన మనుషుల్ని కూడా గీసింది. పిల్లలు ఊపిరి బిగబట్టి విన్నారు. ఇద్దరు ముగ్గురు ఏడ్చారు. అంతవరకూ బాగానే ఉంది. అప్పుడు హైమ చూపు రెండో బెంచీలో ఉన్న రబియా మీద పడింది.

రబియా వాళ్ళు సిద్దీలు, ఆఫ్రికా సంతతివాళ్ళు. నిజాముల కాలంలో ఆఫ్రికా మనుషులతో ఒక గుర్రపు దళం ఉండేది. ఆ దళం ఉన్న చోటును, ఆఫ్రికన్ కావల్రీ అనే మాటకు పొట్టిగా, ఇప్పటికీ ఏసీ గార్డ్స్ అనే అంటారు. దాని చుట్టుపక్కల సందుల్లో ఆ కుటుంబాలు కొన్ని ఇంకా ఉన్నాయి. పిల్ల నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది, ఉంగరాల జుట్టు, మాట తక్కువ. హైమ ఆ పిల్లను పిలిచి చార్టు పక్కన నిలబెట్టింది. "చూశారా, ఇదంతా ఎక్కడో జరిగింది కాదు. మన రబియా వాళ్ళ పెద్దలు కూడా అలా వచ్చినవాళ్ళే. ఎంత కష్టపడి ఇక్కడిదాకా వచ్చారో! రబియాకు చప్పట్లు కొట్టండి" అంది. పిల్లలు గట్టిగా కొట్టారు. అప్పుడే గంట మోగింది. హైమ చార్టు చుట్టుకుని పక్క తరగతికి వెళ్ళిపోయింది.

పెన్సిలు చెక్కే చేయి ఆగింది. "మల్ల?" అంది సక్కుబాయి.

పిల్లలెవరూ రబియాను ఏడిపించలేదు. అదే హైమకు అంతుపట్టని సంగతి. జాలిపడ్డారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర తమ గుడ్డు ఆ పిల్ల పళ్ళెంలో వేశారు. లావణ్య అనే పిల్ల, "నీ చేతులకు సంకెళ్ళ మచ్చలున్నయా? ఒక్కసారి చూపియ్యవా?" అని అడిగింది. రబియా చూపించింది. మర్నాడు ఇంకో నలుగురు చూస్తామన్నారు. వాళ్ళకూ చూపించింది. మూడో తరగతి పిల్లలు కూడా వచ్చి వరసలో నిలబడ్డారు. నాలుగో నాటికి రబియా ఎండలు మండిపోతుంటే పొడుగు చేతుల స్వెట్టర్ వేసుకుని వచ్చింది. జ్వరమేమో అనుకుంది హైమ. చేతుల సంగతి తరువాతెప్పుడో తెలిసింది.

"వచ్చి చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది టీచర్? అందుకే కదా ఆ బోర్డు పెట్టింది!"

ఆ బోర్డు సంగతి కూడా చెప్పాలి. పిల్లల మనసు బాగోగులు కనిపెట్టమని పైనుంచి కాగితం వచ్చింది. హైమ శ్రద్ధగా ఒక గుడ్డ బోర్డు కుట్టించింది. ఒక్కో పిల్ల పేరుతో ఒక్కో జేబు. పక్కన ఒక పెట్టె, అందులో నవ్వు మొహం అట్టలూ ఏడుపు మొహం అట్టలూ. పొద్దున రాగానే ఎవరి మనసు ఎలా ఉంటే ఆ అట్ట తమ జేబులో పెట్టుకోవాలి. నవ్వు పెట్టిన పిల్లకు తరగతంతా మూడు చప్పట్లు. ఏడుపు పెట్టిన పిల్లను హైమ బల్ల దగ్గరికి పిలిచి అందరి ముందూ ఏమైందని అడుగుతుంది. వారం తిరక్కుండా తరగతంతా నవ్వు మొహాలే. తనిఖీకి వచ్చిన అధికారి ముచ్చటపడి ఫోటో తీసుకున్నాడు. రబియా కూడా రోజూ నవ్వే పెట్టింది. స్వెట్టర్ వేసుకున్న రోజూ పెట్టింది, బడికి వచ్చిన ఆఖరి రోజూ పెట్టింది. పెట్టెలో ఒక ఏడుపు అట్ట తక్కువైతే, ఎక్కడో పడిపోయిందనుకుని హైమ ఇంకొకటి చేసి పెట్టింది.

ఆ పిల్ల బడికి రాక ఆరు రోజులైంది. సోమవారం వచ్చి టీసీ తీసుకుంటానని తాత కబురు పంపాడు.

"నా వల్ల ఒక పిల్ల బడి మానేస్తోంది. అసలు ఆ పాఠమే చెప్పకుండా ఉండాల్సిందా?" అంది హైమ.

సక్కుబాయి చెక్కిన ముక్కను డబ్బాలో వేసి లేచింది. "పా, అట్ల పోయొద్దాం."

రబియా తాత సాలెం ఇల్లు సందు చివర. పెళ్ళిళ్ళలో మర్ఫా వాయించే మనిషి. వీళ్ళు వెళ్ళేసరికి వాకిట్లో రెండు ఇటుకల మధ్య కాగితాలూ ఎండు కొమ్మలూ వేసి మంట పెట్టుకుని, మర్ఫా డోలు తోలును ఆ సెగకు పట్టుకుని కూర్చున్నాడు. సాయంత్రం పెళ్ళి ఉంది. వేడికి తోలు బిగిస్తే తప్ప డోలు పలకదు.

"ఆయియే, ఆయియే! లేవలేను టీచరమ్మా, ఏమనుకోవద్దు. తోలు మంట మీద ఉంటే లేవొద్దు. నీళ్ళు తాగొస్తనని లేచిపోతే, తోలు కాలి ఇగ అయిపోయినట్టే."

"ఏం లేవకు సాలెం భాయ్. నీ కొడుకు నా క్లాసుల మూడేండ్లు కూసున్నడు, నేనొస్తె ఒక్కనాడు లేవలే. యాడ నేర్చిండో ఇయ్యాల తెలిసింది" అంటూ సక్కుబాయి మంట దగ్గర నేల మీదే చతికిలబడింది. ముసలాయన పళ్ళు బయటపెట్టి నవ్వాడు. ఆ నవ్వు వెంటనే ఆరిపోయింది.

హైమ కూర్చోకుండానే మొదలుపెట్టింది. "మన్నించండి. నేను తప్పు చెప్పలేదు, కానీ చెప్పిన తీరు..."

"తప్పు చెప్పలేదమ్మా మీరు." ఆయన డోలును కొంచెం తిప్పాడు. "మనోళ్ళు గుర్రాలెక్కి, తల్వార్లు పట్టుకుని వచ్చిన్రని నేను పిల్లకు చెప్పిన. సంకెళ్ళు వేసుకుని వచ్చిన్రని మీరు చెప్పిన్రు. ఇంటికొచ్చి అడిగింది, దాదా, అబద్ధం ఎవరిదని. గుర్రం ఎక్కింది నిజమే. ఎక్కకముందు కాళ్ళకు ఏమున్నదో, అదీ నిజమే. మా అబ్బా చచ్చిపోయేటప్పుడు ఒక్కసారి చెప్పిండు. నాకు పదిహేనేళ్ళు. మళ్ళ నేను నా కొడుక్కు సుతం చెప్పలే. యాభై ఏళ్ళు దాచినదాన్ని మీరు నలభై నిమిషాల్ల చెప్పేసిన్రు."

ఇంటి గడపలో రబియా నిలబడి ఉంది. అదే స్వెట్టరు. నుదుట చెమట కారుతోంది. టీచర్ని చూడగానే చేతులు వెనక్కి పెట్టుకుంది.

సక్కుబాయి ఆ పిల్లను పిలవలేదు. పక్కన ఉన్న ఎండు కొమ్మలు విరిచి మంటలో వేస్తూ కూర్చుంది. చాలాసేపటికి రబియా తనంతట తనే వచ్చి తాత మోకాలికి ఆనుకుని కూర్చుంది.

"దాదా, ఎవరి చేతులకు కట్టిన్రు?"

"మా దాదాకు దాదా."

"పేరేంది?"

"ముబారక్. అది ఈడికొచ్చినంక పెట్టిన పేరు. వాళ్ళమ్మ పెట్టిన పేరు మనకెవ్వరికీ తెలవదు."

పిల్ల మంటకేసి చూసింది. "ఆయనకన్న యాదికుండెనా?"

సాలెం డోలును దూరం జరిపి, మళ్ళీ దగ్గరికి తెచ్చాడు. "తెచ్చిననాడు నీ అంతనే ఉండెనంట. యాదికి ఉండే ఉంటది బేటా. మొదట్ల."

అంటూనే ఆయన కళ్ళలోంచి నీళ్ళు గడ్డంలోకి జారాయి. తుడుచుకోలేదు. రెండు చేతులూ డోలు మీద ఉన్నాయి. హైమకు అక్కడ ఉండటం దుర్భరమైపోయింది. "రబియా, అదంతా ఎప్పుడో జరిగిపోయిందమ్మా, ఇప్పుడు మనం..." అంటూ వంగింది. సక్కుబాయి ఆమె చీర కుచ్చిళ్ళు పట్టి కిందికి లాగింది. హైమ కూలబడినట్టు నేల మీద కూర్చుంది.

అలాగే ఎంతసేపు కూర్చున్నారో హైమకు తెలియదు. మంట సెగ మొహానికి కొడుతోంది. రబియా తాత భుజానికి తల ఆనించి ఏడ్చింది. ఏడవొద్దని ఎవరూ అనలేదు. కాసేపటికి ఆ పిల్ల స్వెట్టర్ విప్పి ఒళ్ళో పెట్టుకుంది. తన మణికట్లు తనే అటూ ఇటూ తిప్పి చూసుకుంది. సాలెం తోలు మీద వేలితో ఒక్కసారి కొట్టి చూశాడు. ఖంగుమంది. అప్పుడు లేచాడు.

"రేపొస్త టీచరమ్మా. టీసీ రాసి పెట్టండి."

"ఇంకా ఎందుకండీ?" హైమ బతిమాలుతున్నట్టు అడిగింది.

"ఆ బడిల దీని చేతులు చూడనోళ్ళు ఎవరున్నరు?"



సోమవారం సాలెం ఆఫీసు గదిలోకి వెళ్తే రబియా తరగతిలోకి వచ్చింది. పొట్టి చేతుల గౌను. తిన్నగా బోర్డు దగ్గరికి వెళ్ళింది. తన జేబులో వారం నుంచీ ఉన్న నవ్వు మొహం తీసి పెట్టెలో వేసింది. సంచిలోంచి, మూలలు నలిగిన ఏడుపు మొహం అట్ట తీసి జేబులో పెట్టింది. పెట్టెలో తక్కువైన అట్ట అది. నవ్వు పెట్టిన రోజులన్నీ ఆ పిల్ల సంచిలో అదే ఉందని హైమకు అప్పుడు తెలిసింది.

అలవాటుగా చప్పట్లకు లేచిన చేతులు గాలిలోనే ఆగాయి. పిల్లలు హైమ మొహం చూశారు. హైమ పిల్లను బల్ల దగ్గరికి పిలవలేదు. తనే వెళ్ళి రెండో బెంచీ చివర కూర్చుంది. లావణ్య పుస్తకాలు ఒళ్ళోకి లాక్కుని మధ్యలో చోటు చేసింది. రబియా వచ్చి కూర్చుంది. టీసీ రాయడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలూ తరగతిలో ఎవరూ చేతులు చూపించమనలేదు. ఒకసారి లావణ్య మాత్రం, "మల్ల రావా?" అని అడిగింది. రబియా తల అడ్డంగా ఊపింది. అటెండరు వచ్చి పిలిచాడు. పిల్ల లేచి వెళ్ళిపోయింది. జేబులో అట్ట ఉండిపోయింది.

సాయంత్రం హైమ సక్కుబాయి ఇంటికి వెళ్ళింది.

"పిల్ల వెళ్ళిపోయింది టీచర్. వచ్చే ఏడు ఆ పాఠం ఎత్తేస్తాను. బోర్డు కూడా తీసేస్తాను."

సక్కుబాయి డబ్బాలోంచి వేలెడంత ముక్క ఏరి చెక్కడం మొదలుపెట్టింది. ఆ ముక్క ఇంక పట్టుకోవడానికి లేనంత చిన్నదయ్యేదాకా చెక్కింది. దాని మొన వేలితో చూసి, హైమ చేతిలో పెట్టింది.

"పాఠం చెప్పు," అంది. "గంట కొట్టినా లేవకు."

హైమా, ఇది అచ్చుకిచ్చే ముందు నువ్వొకసారి చూసి పేర్లు సరిచెయ్యి. పిల్ల పేరు రబియా అనే రాశాను, తాత సాలెం, ఆ పైన ముబారక్. వీటిలో ఏదైనా నేను తారుమారు చేసి ఉంటే దిద్దు. ముబారక్‌కు వాళ్ళమ్మ పెట్టిన పేరు నువ్వు చెప్పావేమో, నేనే మరిచిపోయానేమో అని రెండు రోజులు మథనపడ్డాను. చెప్పి ఉండవులే. ఆ చోటు ఖాళీగానే ఉంచు.