నూటికి రెండు పాళ్లు

క్లెమెన్ దగ్గర ఒక అంకె ఉంది. మఠంలో ఎవరూ ఆ అంకె ఎంతని అడగడం లేదు. అదీ అతని బాధ.

ఆ మఠం స్లొవేనియా కొండల్లో ఉంది. అక్కడి సన్యాసులు తరతరాలుగా రెండే పనులు చేస్తున్నారు: ప్రార్థన చెయ్యడం, అడవిని చూసుకోవడం. మొదటిది ఎలా సాగుతోందో వాళ్లు బయటికి చెప్పుకోరు. రెండోదాని గురించి మాత్రం, వినయాన్ని వ్రతంగా పట్టినవాళ్లు కూడా ఛాతీ కాస్త విరుచుకునే మాట్లాడతారు. ఆ అడవిని చూసినవాళ్లకి వాళ్లని తప్పుపట్టబుద్ధి కాదు. పై కొండమీద సూదుల్లాంటి ఆకుల ఫర్ చెట్లూ వెడల్పాకుల బీచ్ చెట్లూ ముగ్గురు చేతులు కలిపితే గాని అందనంత లావున ఉంటాయి. వాటి కింద నడిచేటప్పుడు ఎంత వాగుడుకాయ అయినా గొంతు తగ్గిస్తాడు.

క్లెమెన్‌కి ముప్ఫై ఒక్క ఏళ్లు. విశ్వవిద్యాలయంలో అడవుల చదువు పూర్తిచేసి, మూడేళ్ల కిందట మఠంలో చేరాడు. దేవుడు పిలిచాడు కదా అని చదువును గుమ్మం బయట వదిలి రాలేదు. అప్పటికి యూరప్ అంతా అడవుల మీద ఒక వాదన నడుస్తోంది. గాలిని వేడెక్కిస్తున్న కార్బన్‌ని చెట్లు పీల్చుకుని తమ ఒంట్లో దాచుకుంటాయి. మరి అడవిని అవసరానికి నరుకుతూ చూసుకుంటే ఎక్కువ దాస్తుందా, అసలు ముట్టుకోకుండా వదిలేస్తే ఎక్కువ దాస్తుందా? రెండు పక్షాల దగ్గరా పట్టికలున్నాయి. తన పట్టిక తానే తయారుచేసుకోవాలనుకున్నాడు క్లెమెన్.

రెండు వేసవులు పై కొండమీదే గడిపాడు. నలభై హెక్టార్లు. ప్రతి చెట్టుకీ ఛాతీ ఎత్తున టేపు చుట్టాడు, కొలిచినట్టు సుద్దతో గీత గీశాడు, పుస్తకంలో రాసుకున్నాడు. మొత్తం పద్నాలుగు వేల రెండు వందల చెట్లు. వాటిలో ఐదు వేల వంద టన్నుల కార్బన్. ఒక్క మనిషి చేతిమీద ఇంత కొలత జరగడం తాను ఎరగనని అతని పాత ప్రొఫెసర్ ఉత్తరం రాశారు. ఆ ఉత్తరాన్ని క్లెమెన్ ప్రార్థన పుస్తకంలోనే పెట్టుకున్నాడు. ఏ పేజీలోనో నేను చెప్పను.

అంకెతోపాటు అతని దగ్గర ఒక పథకం కూడా ఉంది. పెద్ద చెట్ల కింద, చీకటిలాంటి నీడలో, సన్నటి ఫర్ చెట్లు కొన్ని వేలు ఉంటాయి. మణికట్టు లావు దాటవు. తల చదునుగా పరుచుకుపోయి, ఎదగనూ ఎదగక చావనూ చావక ఉంటాయి. వాటిని ఏరిపారేస్తే నీళ్లూ సారమూ పెద్ద చెట్లకి దక్కుతాయి, పెద్ద చెట్లు ఇంకా కార్బన్ దాస్తాయి. ఇదీ పథకం. పది సెంటీమీటర్లకన్నా సన్నటి చెట్టు కొలతల నియమం ప్రకారం లెక్కలోకే రాదు. అయినా అన్యాయం చెయ్యకూడదని క్లెమెన్ వాటికీ ఒక అంచనా కట్టాడు. మొత్తంలో నూటికి రెండు పాళ్లు కూడా లేవు.

అడవి బాధ్యత ఫాదర్ ఓడిలోది. ఆయనకి డెబ్భై ఎనిమిది. నలభై ఒక్క ఏళ్లుగా ఆయన నడుముకి ఒక చిన్న సుత్తి వేలాడుతోంది. దాని ముఖం మీద మఠం గుర్తు ఉబ్బెత్తుగా ఉంటుంది. ఆ గుర్తు పడని చెట్టు మీద గొడ్డలి వెయ్యకూడదని అక్కడి కట్టుబాటు. ఇప్పుడు ఆయన మోకాళ్లు అరిగిపోయాయి. శరత్కాలంలో జరిగే సభలో, సుత్తి ఎవరికివ్వాలో పేరు చెప్పమని మఠాధిపతి ఆయన్ని అడిగారు.

క్లెమెన్‌కి ఆ సుత్తి కావాలి. తనకి కాక ఇంకెవరికి ఇస్తారని కూడా అతనికి గట్టిగా అనిపించింది. పద్నాలుగు వేల చెట్లను ఒక్కొక్కటిగా ముట్టుకున్నవాడు ఆ మఠంలో ఇంకొకడు లేడు మరి.

సభకి మూడు వారాల ముందు తన పథకం తీసుకెళ్లి ఫాదర్ ఓడిలో చేతిలో పెట్టాడు. ఆయన నాలుగు రోజులు చదివారు. ఒక్క పేజీ కూడా దాటెయ్యలేదు. ఐదో రోజు పొద్దున వడ్రంగి కొట్టం బయట బెంచీ మీద ఎండలో కూర్చుని, క్లెమెన్‌ని పిలిపించారు.

"కొలతలు చాలా బాగున్నాయి. నలభై ఏళ్లలో నేనెప్పుడూ ఇంత శ్రద్ధగా కొలవలేదు," అన్నారు.

ఆయన నోట మెచ్చుకోలు అంత తేలిగ్గా రాదు. క్లెమెన్‌కి కాళ్లు నేలమీద నిలవలేదు. ఆగలేక అడిగేశాడు.

"అయితే సభలో నా పేరు చెబుతారా, ఫాదర్?"

ఆయన కాగితాలు మడిచి పక్కన పెట్టారు. "ఇందులో నువ్వు ఏరిపారేయమన్నావే, వాటిలో ఒకటి నరికి పట్రా. ఏదైనా ఫరవాలేదు, నీకు నచ్చింది."

క్లెమెన్ దాన్ని ఒప్పుకోలు కిందే జమకట్టుకున్నాడు. పథకం మొదలైపోయిందనే అనుకున్నాడు. కొండెక్కి, ఉన్నవాటిలో మరీ ఈసురోమంటున్న ఒక ఫర్‌ని వెతికి, నేలకి దగ్గరగా కోసి, భుజాన వేసుకుని గంటలో తిరిగొచ్చాడు. నిలబెడితే అతనికన్నా జానెడు ఎత్తుంది, అంతే.

ఓడిలో రంపంతో దాని మొదలు దగ్గర ఒక బిళ్ల కోశారు. ఉలితో నున్నగా చెక్కారు. బొటనవేలు తడిచేసి ఆ బిళ్లమీద రుద్ది, ఒక భూతద్దమూ ఒక గుండుసూదీ కలిపి క్లెమెన్ చేతికిచ్చారు.

"దీని వయసెంత?"

పదిహేను, మహా అయితే ఇరవై అన్నాడు క్లెమెన్, అద్దం కంటికి ఆనించకుండానే.

"చూసి చెప్పు, నాయనా."

చెట్టు ఏడాదికో వలయం వేస్తుందని చిన్నపిల్లలకి కూడా తెలుసు. క్లెమెన్ అంచు నుంచి లోపలికి సూది మొనతో లెక్కపెడుతూ వెళ్లాడు. ముప్ఫై దాటినా సూది సగం దూరం కూడా పోలేదు. వలయాలు వెంట్రుకల్లా ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. మధ్యలో తప్పిపోయి మళ్లీ మొదలుపెట్టాడు. రెండోసారి వచ్చిన అంకెను నమ్మలేక, బిళ్లను తిప్పి ఇంకో వైపు నుంచి లెక్కపెట్టాడు. నీడలో ఉన్న ఫర్ అలా ఓపిక పట్టి ఉండగలదని అతను చదవకపోలేదు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాడు. కానీ కొండమీద రెండు వేసవులు తిరిగినప్పుడు అతని కళ్లు ఎప్పుడూ టేపు మీదే ఉన్నాయి.

"తొంభై ఒకటి," అన్నాడు చివరికి.

"ఎంతా?" ఓడిలోకి చెవుడేమీ లేదు.

"తొంభై ఒకటి, ఫాదర్."

ఓడిలో బెంచీ అంచు పట్టుకుని లేచారు. లేవడానికి ఆయనకి కొంతసేపు పట్టింది. ఆ మఠంలో ఒక మర్యాద ఉంది. తనకన్నా పెద్దవాడు వస్తే కూర్చున్నవాడు లేచి తన చోటు ఇవ్వాలి. ఆరేళ్లుగా ఆయనకన్నా పెద్దవాడు అక్కడ లేడు కాబట్టి, ఆయన ఎవరికీ లేవాల్సిన పని పడలేదు. ఇప్పుడు టోపీ తీసి చేత పట్టుకున్నారు. క్లెమెన్ తెచ్చిన ఫర్‌ని రెండు చేతులా ఎత్తి, తాను కూర్చున్న చోట పొడుగ్గా పడుకోబెట్టారు. పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు.

ఇదేదో పరిహాసమనుకుని క్లెమెన్ ఆయన నవ్వు కోసం చూశాడు. ఆయన నవ్వలేదు. కాసేపటికి ఆయన బరువును ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకోవడం కనిపించింది.

"కూర్చోండి ఫాదర్, మీ మోకాళ్లు..."

"పెద్దవారు ఉన్నారు కదా," అన్నారు ఓడిలో.

మధ్యాహ్న ప్రార్థన గంట కొట్టేదాకా ఆయన అలాగే నిలబడ్డారు. క్లెమెన్ కూడా కదల్లేదు. అతనికి ఏడుపొచ్చింది. సిగ్గుతోనే వచ్చింది. చేతిలో రంపం పట్టుకుని కొండెక్కినప్పుడు తను ఈల వేసుకుంటూ వెళ్లిన సంగతి గుర్తొచ్చింది.

మర్నాటినుంచి ఖాళీ దొరికినప్పుడల్లా అతను పై కొండకి పోయాడు. ఈసారి టేపు తీసుకెళ్లలేదు. చెట్టుకి పెద్దగా హాని చెయ్యకుండా గుండెదాకా తొలిచి పెన్సిల్ లావు ముక్కను బయటికి లాగే బోలు బర్మా ఒకటి ఉంటుంది, అది తీసుకెళ్లాడు. తన పట్టికలో పేరుపెట్టి మరీ గొప్పగా చెప్పుకున్న ఫర్ చెట్లలో ఒకదానికి బర్మా దించాడు. లాగిన ముక్కలో బయటివైపు వలయాలు వేలి గోరంత వెడల్పున్నాయి. లోపలికి పోతే ముప్ఫై ఎనిమిదేళ్ల దగ్గర అవి ఒక్కసారిగా వెంట్రుకల్లా అయిపోయాయి. అలాంటివి ఇంకో ఎనభై దాకా ఉన్నాయి. రెండడుగుల దూరంలో, నాచు పట్టి సగం మట్టిలో కలిసిన ఒక మోడు కనబడింది. అక్కడి పెద్ద చెట్టును కొట్టేశాక వెలుతురు దిగి, ఈ ఫర్ అప్పుడే ఎదగడం మొదలెట్టిందన్నమాట.

పంతొమ్మిది చెట్లకి బర్మా దించాడు. పద్దెనిమిదింటి గుండెలో అవే వెంట్రుకలు. అన్నిటి పక్కనా ఎక్కడో ఒకచోట ఒక మోడు. కొన్ని ఓడిలో చేతివి, కొన్ని ఆయనకి ముందటి వాళ్లవి. ఒక్క చెట్టు కూడా ఎవరూ నాటింది కాదు.

సభ రోజు వచ్చింది. ఆ సభలో ఏ పని గురించి మాట్లాడుతుంటే, ఆ పని బాధ్యత మోసేవాడు మాట ముగిసేదాకా నిలబడి ఉండాలి. వంటిల్లు అయింది, తేనెటీగలు అయ్యాయి. అడవి వంతు రాగానే ఓడిలో లేచి నిలబడ్డారు. ప్రొఫెసర్ ఉత్తరం సంగతి మఠాధిపతి దాకా వచ్చింది. ఆయన క్లెమెన్ వైపు తిరిగి, మన అడవిలో ఎంత కార్బన్ ఉందో నువ్వు చెప్పగలవట కదా అన్నారు.

క్లెమెన్ లేచాడు. పై కొండమీద లావు చెట్లలో ఐదు వేల వంద టన్నులు అని చెప్పాడు. హాలంతా సంతోషంగా గుసగుసలాడింది. తాతలనాటి అడవి కదా, వాళ్లకి గర్వం కలగడంలో వింత లేదు. ఆ గుసగుస అణిగేదాకా ఆగి, సన్న చెట్లని తీసెయ్యమన్న తన పథకాన్ని వెనక్కి తీసుకుంటున్నానన్నాడు క్లెమెన్. వాటిని నూటికి రెండు పాళ్లని రాశాననీ, అవి దాచబోయేది ఎంతో కొలవడం తనకి చేతకాలేదనీ చెప్పాడు. ఇంతటితో సుత్తి తన చెయ్యి దాటిపోయినట్టేనని అతనికి తెలుసు. అయినా మాట మింగలేదు.

"మరి ఆ లెక్క ఎప్పటికి తేలుతుంది?" అన్నారు మఠాధిపతి.

"నా తర్వాత వచ్చేవాడి తర్వాత వచ్చేవాణ్ణి అడగాలి, ఫాదర్."

మఠాధిపతి ఓడిలో వైపు చూశారు. ముసలాయన ముఖం వెలిగిపోతోంది. తన శిష్యుణ్ణి చూసి ఆయన గర్వపడుతున్నారు, దాచుకోవాలని కూడా అనుకోవడం లేదు.

"అయితే నేనిక కూర్చోవచ్చు," అన్నారు.

కూర్చున్నారు. అడవి సంగతి ఇంకా ముగియలేదు. క్లెమెన్ నిలబడే ఉన్నాడు.