పడవ ఒంటి మీద తెల్లగీత

అనగనగా గోదారి మధ్యలో ఓ లంక ఊరు ఉండేదిట, బుజ్జీ. లంకంటే రావణాసురుడిది కాదే. చుట్టూ నీళ్ళు, మధ్యలో గుమ్మడిపాదులు, పాదుల మధ్య నాలుగు వీధులు. గుమ్మళ్ళలంక అనేవారు. ఉప్పు కావాలన్నా, మందు కావాలన్నా, సంతకెళ్ళాలన్నా పడవెక్కి అవతలి ఒడ్డుకి పోవాల్సిందే. ఊరంతటికీ ఒక్కటే పడవ.

ఆ ఊళ్ళో అందరికీ మొసలంటే భయం. దాన్ని ఎవరూ చూళ్ళేదు, ఎవరి తాతో చూశాడట. అందుకని రేవులో ఇంత పసుపన్నం విసిరి, దణ్ణం పెట్టుకుని, ఆ తర్వాత ఒకళ్ళ ఒళ్ళో ఒకళ్ళు కూర్చున్నట్టు కిక్కిరిసి పడవెక్కేవారు. మొసలికి అన్నం పెట్టేశాం కదా, ఇంక భయమెక్కడిది అనుకునేవారు.

అప్పుడు పట్నం నుంచి రేవుల ఆఫీసరు వచ్చాడు. పడవ ఒంటికి చుట్టూ తెల్లరంగుతో ఓ గీత గీయించాడు. నీళ్ళు ఈ గీతని తాకాక ఇంకెవర్నీ ఎక్కించకూడదన్నాడు. ఎందుకో చెప్పలేదు. గొడుగేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఊరిపెద్ద పేరయ్యగారింట్లో పెళ్ళొచ్చింది. పెళ్ళివారంతా ఒకే పడవలో పోకపోతే మర్యాద కాదన్నారాయన. ఆఫీసరు మెత్తనివాడు. గీతని బెత్తెడు పైకి జరిపించాడు. ఆ తర్వాత కొబ్బరికాయల బేరగాళ్ళు వచ్చి బతిమాలారు. ఇంకో బెత్తెడు. ఆ తర్వాత తీర్థం రోజులొచ్చాయి. మరో బెత్తెడు. ఇంక గీత వెళ్ళి పడవ అంచు పక్కనే కూర్చుంది.

విచిత్రం చూడు. మూడుసార్లూ పడవ మునగలేదు. దాంతో గీతే ఉత్తిదని జనం తేల్చేశారు.

ఆ రేవుకి కావలి నూకరత్నం అనే ఆవిడ. ఒడ్డు నుంచి పడవకి బల్ల వేసి జనాన్ని ఎక్కించేది. మొగుడు పోయాక ఆ పని ఆవిడకొచ్చింది. కూతురు వరాలుని అవతలి ఒడ్డునున్న ఊళ్ళో ఇచ్చింది. ఓ సంతరోజు మనవణ్ణి కూతురి దగ్గర దిగబెడదామని ఒళ్ళో కూర్చోబెట్టుకుని పడవలో వెళుతోంది. నడిగోదాట్లో గాలి లేచింది. నీళ్ళు అంచు దాటి లోపలికొచ్చి పసివాణ్ణి ముంచినంత పని చేశాయి. అందరూ మొసలి తోకతో కొట్టిందన్నారు. నూకరత్నం మాత్రం తడిసిన పిల్లాణ్ణి గుండెకి అదుముకుని, ఆ గీత మళ్ళీ కిందకి దిగాలి, జనం దాన్ని నమ్మాలి, అంతవరకూ ఊరుకోనని గట్టిగా అనుకుంది.

ముందు ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. పెరుగమ్మే కోటమ్మ నవ్వి, "ఇప్పటికి మూడుసార్లు జరిపారు వదినా. ఇప్పుడు నువ్వొచ్చి ఇంకోటంటున్నావు. ఇందులో ఏది నిజమని నమ్మమంటావు?" అంది. అడిగిందాంట్లో తప్పేముంది చెప్పు.

ఆ తర్వాత బల్ల తీసేసి దారికి అడ్డంగా నిలబడింది. జనం చీరలూ పంచెలూ ఎగ్గట్టుకుని నీళ్ళలోకి దిగి రెండోపక్క నుంచి ఎక్కేశారు.

అయినా ఆవిడ వదల్లేదు. పట్నం వెళ్ళి ఆఫీసరు గుమ్మం ముందు కూర్చుంది. కోప్పడలేదు, ఏడవలేదు. "మీరొచ్చి దాని పక్కన నిలబడితేనే బాబూ, మీ గీత నిలబడేది" అంది. ఆయన వచ్చాడు.

అప్పుడు నూకరత్నం ఊరందరికీ ఓ పని చెప్పింది. పడవెక్కే మనిషికో బస్తా చొప్పున, ఎవరి బరువుకి తగ్గట్టు వాళ్ళు ఇసక నింపి తెమ్మంది. ఎవరి బస్తాకి వాళ్ళ గుడ్డపీలిక కట్టమంది. ఊరికి పండగలా అయిపోయింది. పేరయ్యగారి బస్తా మొయ్యడానికి నలుగురు కావలసొచ్చారు. ఆయన దానికి తలపాగా కూడా చుట్టించారు. పిల్లల బస్తాలు బుల్లిబుల్లివి.

ఒడ్డు పక్కన మొలలోతు నీళ్ళలో పడవ నిలిపి, పైగీత దాకా బస్తాలు సర్దారు. పడవ బానే ఉంది. చూశావా అని అందరూ నవ్వారు. అప్పుడు నూకరత్నం, సంతరోజు గాలి ఎంత ఊపుతుందో మీరే అంత ఊపండి అంది. ఊపారు. ఒకసారి ఊపితే ఏం కాలేదు. రెండోసారి అంచు తడిసింది. మూడోసారి పడవ పక్కకి ఒరిగి బుడుంగున మునిగింది.

ఎవరూ నవ్వలేదు. కోటమ్మ ఆ మొలలోతు నీళ్ళలోనే వంగి, రెండు చేతులతో అడుగంతా దేవుతోంది.

"మా చిన్నదాని బస్తా కనపళ్ళేదు" అంది. "పచ్చగుడ్డ కట్టాను."

ఉత్త ఇసకేనమ్మా అది. అయినా ఆవిడ దేవడం ఆపలేదు.

అప్పుడు ఆఫీసరు బూట్లతోనే నీళ్ళలోకి దిగాడు. "గీత జరిపింది నేనే. కాదనలేక జరిపాను. ఎందుకు గీశానో కూడా మీకు చెప్పలేదు. తప్పు నాదే" అన్నాడు. పాత చోటే మళ్ళీ గీత గీశారు. ఈసారి ఇంటికొకరు వచ్చి కుంచె పట్టారు.

ఆ తర్వాతి సంతరోజు పడవ నిండింది. నీళ్ళు సరిగ్గా గీతని తాకాయి. అప్పుడే అవతలి నుంచి ఒకతను ఈదుకుంటూ వచ్చి కబురు చెప్పాడు. వరాలుకి నొప్పులట, అమ్మని పిలుస్తోందట. ఆ పడవ తప్పితే మళ్ళీ పొద్దువాలాకే.

"ఎక్కు వదినా" అంది కోటమ్మ. "వెంట్రుకవాసి దిగుతుంది, అంతేగా."

నూకరత్నం బల్ల మీద అడుగు పెట్టింది. గీత వంక చూసింది. అడుగు వెనక్కి తీసేసింది.

"నేనెక్కితే గీత మళ్ళీ ఉత్తిదైపోతుంది. మీరు వెళ్ళండి" అంది.

పడవలోంచి పేరయ్యగారు మెల్లగా లేచారు. గొడుగు చంకన పెట్టుకుని దిగొచ్చారు. "నా బస్తా చూశావుగా. నేను దిగితే నీలాంటివాళ్ళు ఇద్దరెక్కొచ్చు. సంత ఎక్కడికీ పోదు, ఎక్కవమ్మా" అన్నారు.

అలా ఎక్కింది నూకరత్నం. నడిగోదాట్లో గాలి లేచింది. నీళ్ళు గీత దాటి ఎగిరాయి గానీ, అంచు దాకా రాలేకపోయాయి. మొసలి మాట ఎవరూ ఎత్తలేదు. ఆవిడ గుమ్మంలోకి వెళ్ళేసరికి వరాలు ఇంకా అమ్మా అమ్మా అంటూనే ఉంది. అమ్మ చెయ్యి పట్టుకున్నాకే ఆడపిల్ల పుట్టింది.

మొసలా? ఉందో లేదో నాకూ తెలీదే తల్లీ. ఉంటే అదీ గీత చూసే ఉంటుంది. ఇంక కళ్ళు మూసుకో.

గీత దాటని పడవేమో గట్టుకి,
చెప్పుకున్న కథేమో కంచికి,
ఆవలించే బుజ్జేమో పక్కకి,
నిద్దరోతూ మనమేమో ఇంటికి.