ఎన్ని తాటాకులు?

కుందవరం రాజు నరసింగరాయుడికి ఏ ముచ్చట పుట్టినా వెంటనే తీరాల్సిందే. ఈసారి రాజధానిలో ఓ విద్యాపీఠం కట్టించాడు. అందులో చేరాలనుకున్న ప్రతి పిల్లా, పిల్లాడూ తన గురించి తానే తాటాకుల మీద రాసి పంపాలన్నాడు. అక్కడే చిక్కొచ్చి పడింది.

"ఎంత రాయాలి?" అని సభలో అడిగాడు.

ఆస్థాన పండితుడు శేషావధాని గొంతు సవరించుకున్నాడు. "నూరు తాటాకులకు తగ్గితే అది విన్నపమే కాదు ప్రభూ. పొట్టి రాత, మట్టి బుర్ర!"

"నూరా!" అని గుడ్లురిమాడు దండనాయకుడు వీరమల్లు. "ఒక్క కేకతో సైన్యాన్నే నడిపిస్తాను. ఒక్క ముక్క చాలు."

ఇద్దరూ గొంతులు పెంచారు. రాజు విసుగెత్తి, సభలో అందర్నీ నవ్విస్తూ అవసరానికి సలహా చెప్పే ఓబళయ్య వైపు తిరిగాడు.

"రేపు నువ్వే తేల్చాలి. తేల్చలేకపోయావో, ఏడాదంతా రోజూ అవధానిగారి ఉపన్యాసం వినాలి!"

ఓబళయ్య తల గోక్కుంటూ సభ నుంచి బయటపడ్డాడు. ఇంటిదారి పట్టాడో లేదో, సాలెవీధి నాంచారి ఎదురొచ్చింది.

"నూరాకులంట గదా, అయ్యా! మా పిల్ల తన సంగతంతా నాలుగు మాటల్లో చెప్పేస్తాది. మిగతా ఆకుల్లో ఏం రాయాల, మగ్గం చప్పుడా?"

ఓబళయ్యకు నవ్వొచ్చింది. ఆ వెంటనే మనసు చివుక్కుమంది. నూరాకులు నింపలేక ఓ తెలివైన పిల్ల గుమ్మం బయటే ఆగిపోతే ఎలా?

మర్నాడు సభలో చేతులు జోడించాడు. "ప్రభూ, వీరిద్దరూ పీఠంలో చేరడానికొచ్చిన పిల్లలనుకోండి. తమ గురించి తాము చెప్పుకుంటారు. తమరు వినండి, చాలు."

వీరమల్లు ముందుకొచ్చాడు. "నేను వీరమల్లుని. చేర్చుకోండి."

"ఎందుకు?" అన్నాడు రాజు ఠక్కున.



"తమరే నోరు తెరిచి అడగాల్సొచ్చింది. అంటే ఇది చాల్లేదు," అన్నాడు ఓబళయ్య. "ఇక అవధానిగారూ, తమ వంతు."

అవధాని ఉత్సాహంగా అందుకున్నాడు. ముత్తాతగారి ఆవుల మంద, తాతగారు వాదంలో గెలిచిన ఏనుగు, ఆ ఏనుగుకు పెట్టిన పేరు, ఆ పేరుకు అర్థం. రాజు మొదట తలూపాడు. తర్వాత వేలి ఉంగరం తిప్పుకున్నాడు. కథ అవధాని తండ్రిగారి పెళ్లి విందులో బూరెల దగ్గరకొచ్చేసరికి, నోరంతా తెరిచి ఆవులించాడు.

"ఆగండి!" అని అరిచాడు ఓబళయ్య.

"ఏమయ్యా, ఇంకా అసలు సంగతికే రాలేదు!" అన్నాడు అవధాని కోపంగా.

"నా బాధా అదే, అవధానిగారూ!

ప్రభువులకు ఆవులింత వచ్చేసింది, తమరింకా పుట్టనే లేదు!"

సభ ఘొల్లుమంది. రాజు కళ్లు తుడుచుకుంటూ, "మరి కొలత చెప్పవోయ్!" అన్నాడు.

"చదివేవారు 'ఎందుకు' అని అడగనంత పొడుగు, ఆవులించనంత పొట్టి. ఎవరి కథకు ఎన్నాకులు పడితే అన్నే, ప్రభూ."

"అదే చాటింపు వేయించండి!" అంటూ రాజు తన మెడలోని ముత్యాల హారం తీసి ఓబళయ్య మెడలో వేశాడు.

అవధాని కాసేపు మూతి ముడుచుకున్నాడు గానీ, నవ్వు ఆపుకోలేకపోయాడు. "సరేలేవయ్యా ఓబళయ్యా, ఈసారి నేరుగా నా పురిటి ఏడుపుతోనే మొదలుపెడతాను!"